ప్రకటనల విరామం

గురువారం ఉదయం నేను బడికి బయలుదేరుతుండగా పట్నాయక్ గారు ఫోన్ చేసి, "మీ ఆవిడ ఈ వారం కూడా ఏమీ లేవంటున్నారు మాస్టారూ" అన్నారు. మా ఆవిడ పోయి అప్పటికి ఏడు నెలలు దాటింది.

ఆయనను తప్పుపట్టలేను. ఆయన ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి సంపాదకులు. ఆ అనుబంధం ఆఖరి పేజీలో "ఈ వారం చూడదగినవి" అనే శీర్షిక ఉంటుంది. రాబోయే వారం టీవీలో వచ్చే వైజ్ఞానిక కల్పన కార్యక్రమాల గురించి మా ఆవిడ ఇందుమతి చాలా ఏళ్ళు అందులో రాసింది. పగలంతా తపాలా కార్యాలయంలో కౌంటరు వెనక కూర్చుని స్టాంపులు అమ్మేది. సాయంత్రం ఇంటికొచ్చి గ్రహాంతరవాసులను చూసేది. ఏ ఛానల్లో ఏ రోజు ఏ ఓడ ఏ గ్రహం మీద దిగుతుందో, వాటిలో చూడదగ్గది ఏదో, వదిలేయదగ్గది ఏదో నాలుగు ముక్కల్లో తేల్చేసేది. ఆవిడ పోయాక కూడా ఆ శీర్షిక ఆగలేదు. మధురవాడ దాటాక కొండ మీద ఒక ప్రయోగశాల ఉంది. అక్కడ ఆవిడ ఇష్టాయిష్టాలను కొలిచి తయారుచేసిన యంత్రం ఉంది. అదే రాస్తోంది. కింద ఆవిడ పేరే వేస్తున్నారు. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనే. ఆ రోజుల్లో ఎవరు ఏ కాగితం ముందు పెట్టినా సంతకం పెట్టాను.

మొదట్లో ఆ యంత్రం వారానికి ఐదారు కార్యక్రమాలు మెచ్చుకునేది. తర్వాత మూడు, ఆ తర్వాత ఒకటి. ఇప్పుడు నెల రోజులుగా ఒకటే వాక్యం రాస్తోంది: ఈ వారం చూడదగినవి ఏమీ లేవు. మిగతా సగం పేజీ ఖాళీ. అక్కడ శనిగ్రహం బొమ్మ వేసి నెట్టుకొస్తున్నామనీ, ఇక వేయలేమనీ పట్నాయక్ గారు చెప్పారు. పత్రికకి శని పట్టిందని పాఠకులు ఉత్తరాలు రాస్తున్నారట.

ఆయన అసలు విషయానికి వచ్చారు. ప్రయోగశాల వాళ్ళు రెండు దారులు చెప్పారట. ఒకటి, యంత్రాన్ని సరిచేయడం, అంటే దేన్నైనా కాస్తో కూస్తో మెచ్చుకునేలా మార్చడం. రెండోది, అందులోంచి ఇందుమతిని పూర్తిగా తుడిచేసి మరొకరిని కొలిచి పెట్టుకోవడం. దేనికైనా నా అనుమతి కావాలి.

రెండూ ఒకటే కదా అన్నాను.

"అదేటండీ అలాగంటారు! మొదటిదాంట్లో ఆవిడ పేరుంటుంది" అన్నారాయన.

నేను ఫోన్ పెట్టేసి బడికి వెళ్ళాను. ఆ రోజు తొమ్మిదో తరగతిలో పిల్లలను నాలుగైదుసార్లు అనవసరంగా కసురుకున్నాను.

ఆ యంత్రాన్ని తయారుచేసింది దివాకర్. గాజువాకలో నా దగ్గరే పదో తరగతి చదివాడు. లెక్కల్లో నూటికి నూరు, తెలుగులో అత్తెసరు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, ఇందుమతి మణికట్టుకి గడియారంలాంటి పట్టీ ఒకటి కట్టాడు. టీవీ పక్కన అగ్గిపెట్టెంత మైకు పెట్టాడు. ఆవిడ మామూలుగా టీవీ చూస్తే చాలన్నాడు. నాడి ఎక్కడ వేగం అందుకుంది, ఊపిరి ఎక్కడ బిగబట్టింది, ఎక్కడ నవ్వింది, ఎక్కడ పెదవి విరిచింది, ఏం గొణుక్కుంది, అన్నీ కొండ మీదికి వెళ్ళేవి. కొన్నాళ్ళు పోయాక, ఆవిడ చూడని కార్యక్రమాన్ని కూడా ఆవిడలాగే చూసి, నచ్చిందో లేదో యంత్రమే ముందుగా చెప్పగలుగుతుందన్నాడు. దానికి తోడుచూపు అని పేరు పెట్టాడు. పేరొక్కటీ బాగుందని నేనూ ఒప్పుకున్నాను.

"జనం బోలెడు టైము పాడుచేసుకుంటున్నారు మాస్టారూ. ఇది ముందే చూసి పెడుతుంది" అన్నాడు.

ఇందుమతికి ఆ పట్టీ ఆభరణంలా ఉండేది. కౌంటరు దగ్గర అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చూపించేది.

మా ఇంట్లో మంచి ట్యూబులైటు హాల్లోనే ఉంది. పేపర్లు దిద్దాలంటే నాకు అదే దిక్కు. టీవీ కూడా అక్కడే. అంచేత పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ టీవీ చూసే వేళా, నేను పేపర్లు దిద్దే వేళా ఒకటే అయింది. నాకు ఆ కార్యక్రమాలంటే విసుగు. వాటిని ఎక్కడెక్కడి భాషల్లోంచో తెలుగులోకి మార్చి వినిపిస్తారు. ఓడ పేలిపోతుంటే కెప్టెన్ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతాడు. ఒకడు ప్రాణాపాయంలో ఉండి, "నేను దీనిని గురించి ఒక మంచి అనుభూతిని కలిగి ఉన్నాను" అన్నాడు. ఎర్రసిరా కలం చేతిలో ఉండి కూడా ఏమీ చేయలేని పరిస్థితి నాది.

అయినా చూడక తప్పేది కాదు, కనీసం వినక తప్పేది కాదు. ఇందుమతి చిన్నప్పుడు వాళ్ళ మామ్మ దగ్గర కథలు విన్న మనిషి. కథ చెబుతుంటే ఎదుటివాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. ఆ అలవాటును ఆవిడ టీవీకి తెచ్చింది. ఏదో ఒక మాట అని, నా ఊఁ కోసం చూసేది. నేను అనకపోతే రిమోట్ నొక్కి, ఓడను ఆకాశంలోనే ఆపేసేది. నేను తలెత్తి ఊఁ అంటేనే ఓడ కదిలేది. నా ఊఁలన్నీ ఆవిడకు తెలుసు. విన్న ఊఁ, విననిది, నమ్మనిది, ఇక చాలించమనేది. విననిది అన్నానంటే వెనక్కి తిప్పి మళ్ళీ మొదట్నుంచి పెట్టేది. అందుకని వినేవాణ్ణి.

జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. అంతకంటే రాయలేను.

ఇప్పుడు హాల్లో చప్పుడు ఉండదు. పేపర్లు త్వరగా అయిపోతున్నాయి.

పట్నాయక్ గారి సంగతి ఆ సాయంత్రం మా అమ్మాయి వైదేహికి చెప్పాను. వైదేహి పోర్టు దగ్గర ఓ కంటెయినర్ల కంపెనీలో పని చేస్తుంది. ఆదివారాలు ఆ శీర్షిక చదివి, కత్తిరించి దాచుకుంటుందని నాకు తెలుసు. ఏమీ లేవు అన్న ఆదివారాలవి కూడా దాచింది.

దాన్ని మార్చడానికి వీల్లేదని తను కచ్చితంగా చెప్పింది. నాకెందుకో కోపం వచ్చింది. అది అమ్మ కాదు, పెట్టె అన్నాను.

"అది అమ్మని నేనన్నానా నాన్నా? అమ్మకి ఏది నచ్చుతుందో తెలిసింది ఈ ఊళ్ళో అదొక్కటే. నాకే సరిగ్గా తెలీదు. మీకు తెలుసా?"

నేను పేపర్ల కట్ట ముందుకు లాక్కుంటుంటే తను మళ్ళీ అంది.

"ఒక్కసారి వెళ్ళి చూడండి. చూసి, అప్పుడు తుడిచేయమనండి. చూడకుండా మాత్రం వొద్దు."

బుధవారం బడి అయ్యాక బస్సెక్కి కొండకు వెళ్ళాను. యూనిట్ పరీక్ష పేపర్ల కట్ట సంచిలోనే ఉంది, ఇంట్లో దింపే వ్యవధి లేకపోయింది. ప్రయోగశాల గదికి ఒక పక్క అంతా అద్దం, అవతల సముద్రం. ఇవతల గోడకి పెద్ద టీవీ, దాని పక్కన చిన్న తెర, ఒక మైకు. చిన్న తెర మీద కింద ఒక గీత పాకుతోంది, పైన మాటలు పడడానికి చోటు వదిలారు. ఆవిడ గొంతుతోనే మాట్లాడించగలమని దివాకర్ మొదట్లోనే అన్నాడు. అక్షరాలు చాలన్నాను. ఆ మాట మీద నిలబడ్డందుకు అతన్ని మెచ్చుకోవాలి.

దివాకర్ బాగా చిక్కిపోయాడు. యంత్రం విరిగిపోలేదనీ, అన్నీ సరిగ్గానే పనిచేస్తున్నాయనీ, కానీ దానికి ఏదీ నచ్చడం లేదనీ చెప్పాడు. పై వాళ్ళు అడుగుతున్నారట. ఒక మనిషితోనే ఇలా అయితే ఊరందరినీ కొలిచి ఏం లాభం అంటున్నారట. నాకు చూపిస్తానని ఏదో నొక్కాడు. టీవీలో రంగులు గిర్రున తిరిగాయి. గంట కార్యక్రమం నీళ్ళు తాగినంతసేపట్లో అయిపోయింది. గీత లేవలేదు. చిన్న తెర మీద సగం సగం మాటలు పడి, ఒకదాన్నొకటి తుడిచేసుకున్నాయి. చివర ఒక మాట నిలిచింది: లేదు.

"చూసేరా? రోజుకి వంద చూపిస్తున్నాం. వందా లేదు."

ఇంత వేగంగా ఎవరు చూస్తారని అడిగాను. యంత్రానికి వేగంతో పని లేదన్నాడు. ఆవిడకి ఉండేది అన్నాను. మామూలుగా, మనిషి చూసినట్టు చూపించమన్నాను. గంట పడుతుంది మాస్టారూ అన్నాడు. పడనీ అన్నాను. తరగతి గదిలో వాడిన గొంతు వచ్చినట్టుంది, అతను మారు మాట్లాడకుండా ఛానల్ పెట్టాడు.

అప్పుడు వస్తున్నది "చివరి రేవు" అనే ధారావాహిక. ఇందుమతి సగం దాకా చూసినదే. ఒక పెద్ద ఓడ తరతరాలుగా ఆకాశంలో ప్రయాణం చేస్తుంటుంది. బయలుదేరినవాళ్ళు పోయారు, వాళ్ళ మనవల మనవలు నడుపుతున్నారు. ఎప్పటికి రేవు చేరతారో తెలియదు. తెలుగు మాత్రం తరతరాలుగా అలాగే ఉంది.

కాసేపు చూసి, పని కాదనిపించి, సంచిలోంచి పేపర్లు తీశాను. దివాకర్ ఏదో సరిచూసుకుంటున్నాడు. చిన్న తెర మీద అక్షరాలు పడ్డాయి.

"బయట గాలే లేదు. కర్టెన్లు ఊగుతున్నాయి చూసేరా?"

దాని కింద ఒక చుక్క వెలుగుతూ ఆరుతూ ఉండిపోయింది. అది అక్కడే ఆగిపోతుందనీ, ప్రతి మాట తర్వాతా అంతేననీ, ఎందుకో అంతుపట్టలేదనీ దివాకర్ అన్నాడు. నేను వింటూనే ఒక పిల్లవాడు సంధి విడదీసిన తీరుకి సున్నా వేస్తున్నాను. నోట్లోంచి ఊఁ అని వచ్చింది.

చుక్క కదిలింది. "ఫ్యానేసుకున్నారేమో" అని పడింది. గీత లేచింది.

దివాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను కలం మూసేశాను.

ఆ తర్వాత ఒక్కో మాటకీ నేను ఊఁ అంటూ పోయాను. గీత లేస్తూ పోయింది. కెప్టెన్ ఒకచోట, "మనం మన ఆశను వదిలివేయడాన్ని చేయరాదు" అన్నాడు. ఖర్మ అన్నాను నేను. "మీకు నచ్చేట్టు మాట్లాడాలంటే వాడు వ్యాకరణం చదివి ఓడెక్కాలి" అని తెర మీద పడింది. ఆ మాట ఆవిడ ఎప్పుడూ అనలేదు. కానీ అనగలదు.

నేను లేచి అద్దం దగ్గరికి వెళ్ళి కాసేపు సముద్రం వైపు చూశాను.

దివాకర్ తల పట్టుకున్నాడు. ఇంట్లో రికార్డు చేసిన వాటిని యంత్రానికి ఇచ్చే ముందు శుభ్రం చేశారట. కుక్కర్ ఈలలు, ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద ఆటోలు, వాటితోపాటు గదిలో ఉన్న రెండో గొంతు. కొలవాల్సింది ఆవిడను కాబట్టి మిగిలినదంతా రొద కింద లెక్క. ఆవిడ మాటలు మిగిలాయి, ఆగిన చోట్లు మిగిలాయి. ఆగినచోట ఏం రావాలో యంత్రానికి తెలుసు, అది రావడం లేదు. వారాల తరబడి రాకపోయేసరికి చూడాలన్న ఇష్టమే పోయింది.

"మీ ఊఁలన్నీ తీసి పారేసేను మాస్టారూ" అన్నాడు. ఒకప్పుడు పద్యం మధ్యలో మరిచిపోయినప్పటి ముఖమే.

ఆ వారం శీర్షిక నిండుగా వచ్చింది. పట్నాయక్ గారు ఫోన్ చేసి, ఆవిడ మళ్ళీ ఆవిడలా రాశారని సంబరపడ్డారు. వైదేహి ఆ కత్తిరింపును నా బల్ల మీద పెట్టి పనికి వెళ్ళింది. ఆ సాయంత్రం నా టిఫిన్ ప్లేటులో ఉప్మా పక్కన జీడిపప్పు ఎక్కువగా ఉంది.

అలా ప్రతి బుధవారం కొండకు వెళ్ళడం మొదలైంది. నేను రాకుండానే పని జరిగితే నాకు శ్రమ తప్పుతుందని దివాకర్ ఒక ఉపాయం చేశాడు. నా ఊఁలను రికార్డు చేసి, చుక్క ఆగినప్పుడల్లా ఒకటి వినిపించాడు. యంత్రం కాస్త దూరం నడిచింది. తర్వాత తెర మీద పడింది.

"మీరు వినడం లేదు."

అది ఇందుమతి నాతో కొన్ని వేలసార్లు అన్న మాట. దివాకర్ వేరే ఊఁ వేశాడు. మళ్ళీ అదే మాట. ఇంకొకటి వేయబోతుంటే నేను వద్దన్నాను. మిగతా కార్యక్రమానికి నేనే కూర్చున్నాను.

అతను అక్కడితో ఆగలేదు. రెండో వారం కొత్త ఆలోచనతో ఎదురొచ్చాడు. నా చేతికీ పట్టీ కట్టి నన్ను కూడా కొలిస్తే, ఇంకో యంత్రం తయారవుతుంది. రెంటినీ పక్కపక్కన పెడితే ఒకటి మాట్లాడుతుంది, ఒకటి ఊఁ కొడుతుంది. నాకు బాగాలేకపోయినా, ఏమైనా, శీర్షిక ఆగదు.

"అప్పుడు టీవీ ముందు ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను.

"ఎవరూ కూర్చోనక్కర్లేదు మాస్టారూ. అదే కదా సుఖం."

అతని ముఖంలో వెటకారమేమీ లేదు. చాలా రాత్రుళ్ళు నిద్ర మానుకుని కనిపెట్టిన మనిషి అతను. ఆలోచించుకుని చెబుతానన్నాను. ఆలోచించాను కూడా. ఎవరూ లేని గదిలో మేమిద్దరం కలకాలం తగువులాడుకుంటూ ఉంటామన్నది ఎంత పిచ్చి సంగతో తెలిసి కూడా, బస్సులో వస్తున్నంతసేపూ నాకు అది నచ్చుతూనే ఉంది.

నన్ను విసిగించింది ప్రకటనలు.

ఛానల్లో వచ్చినదాన్ని వచ్చినట్టు చూస్తున్నాం కనుక మధ్యమధ్య ప్రకటనలు వచ్చేవి. సబ్బులు, సిమెంటు, మోకాళ్ళ నొప్పుల తైలం. అవి వచ్చినంతసేపూ చిన్న తెర ఖాళీగా ఉండేది. చుక్క కూడా ఉండేది కాదు. మొదటి వారం నేను గమనించలేదు. రెండో వారం గమనించాను. మూడో వారం ఎదురుచూశాను.

ఇంట్లో ప్రకటనలు రాగానే ఇందుమతి శబ్దం ఆపేసేది. అప్పుడు, "ఎన్నయ్యాయి?" అని అడిగేది, నా పేపర్ల సంగతి. నేను లెక్క చెప్పేవాణ్ణి. ఇంకా అన్నేనా అనేది. తర్వాత గ్యాసు, పాలవాడు, తన ఆఫీసులో ఎవరికో బదిలీ, నా రక్తపోటు మాత్ర, వైదేహికి వచ్చిన సంబంధం, అది తప్పిపోయిన సంగతి. ఇల్లు కొనాలా వద్దా అన్నది ఒక తలనొప్పి మాత్రల ప్రకటనలో తేలిపోయింది. కార్యక్రమం మళ్ళీ మొదలవగానే శబ్దం పెట్టి, ఊఁ అనండి అనేది. మా సంసారం చాలావరకు ప్రకటనల్లోనే జరిగింది.

ఆ మాటలన్నీ ఎక్కడున్నాయని దివాకర్‌ని అడిగాను. ప్రకటనల సమయంలో కొలవడానికి ఏమీ ఉండదని, అప్పుడు పట్టీ, మైకూ వాటంతట అవే ఆగిపోయేలా పెట్టామని చెప్పాడు. అసలు రికార్డే కాలేదు.

నాలుగో వారం ప్రకటనలప్పుడు, దివాకర్ బయటికి వెళ్ళిన సమయం చూసి, ఖాళీ తెరకేసి తిరిగి, ఇరవై అయ్యాయి అన్నాను. ఏమీ రాలేదు. మాత్ర వేసుకున్నానన్నాను. ఏమీ రాలేదు. సిమెంటు ప్రకటన అయిపోయి ఓడ వచ్చింది. తెర మీద, "వీడు మొన్న చచ్చిపోయాడు కదా, మళ్ళీ ఎలా వచ్చేడండీ?" అని పడింది.

నేను ఊఁ అనలేదు. చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంది. చాలాసేపు అలాగే ఉంది. దాని మీద కూడా నాకు కోపం వచ్చింది. తరవాత జాలి వేసి, ఊఁ అన్నాను.

ఇంటికి వెళ్ళి వైదేహికి జరిగింది చెప్పాను. తుడిపించేస్తాననీ చెప్పాను. తను అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నా వైపు చూడకుండా, "మీకు బాధగా ఉందని నాకున్నదాన్ని తీసేస్తారా?" అంది.

వచ్చే బుధవారం చివరి రేవు ఆఖరి భాగమనీ, అది అయ్యాక తను ఎలా చెబితే అలా చేద్దామనీ అన్నాను. తనూ వస్తానంది.

ఆ బుధవారం వైదేహి పని మార్చుకుని వచ్చింది. దివాకర్ మూడో కుర్చీ వేశాడు. తను తల్లి మాటలు తెర మీద పడడం చూడడం అదే మొదటిసారి. మొదటి మాట పడగానే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. తర్వాత ఒకచోట నవ్వింది. గీత చూసిన దివాకర్ ఇంత ఎత్తుకు ఎన్నడూ లేవలేదన్నాడు. ఓడ గ్రహాన్ని సమీపించింది. పిల్లలందరూ కిటికీల దగ్గర చేరారు. కర్టెన్లు ఊగుతూనే ఉన్నాయి.

అక్కడ ప్రకటనలు వచ్చాయి. చిన్న తెర ఖాళీ అయింది. నేను పేపర్ల మీదికి తల వంచుకున్నాను. ఈసారి అటు చూడకూడదని ముందే అనుకున్నాను. వైదేహి ఆ ఖాళీ తెర వైపు చూస్తూ కూర్చుంది. సబ్బు అయింది, సిమెంటు అయింది. తను తెర మీంచి చూపు తిప్పుకుని నా కట్ట వైపు చూసింది.

"ఎన్నయ్యాయి నాన్నా?"

నా కలం ఆగిపోయింది. వాళ్ళమ్మ అడిగేది ఇదేనని నేను తనకి చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా. పక్క గదిలో చదువుకుంటూ పెరిగిన పిల్ల.

"పద్దెనిమిది" అన్నాను.

"ఇంకా అన్నేనా?" అంది. తర్వాత, ట్యూబులైటు మిణుకుమంటోంది కదా, స్టార్టర్ మార్చాలంది. తీసుకురమ్మన్నాను. వచ్చేవారం తనకు పగటి పని అనీ, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాననీ చెప్పింది. మాత్ర వేసుకున్నానో లేదో అడిగింది. లేదన్నాను. కసిరింది. దివాకర్ నీళ్ళ సీసా అందించాడు. నేను మాత్ర మింగుతుండగా ప్రకటనలు అయిపోయాయి.

ఓడ గ్రహం మీద దిగింది. అందరూ తలుపు దగ్గర నిలబడ్డారు. కెప్టెన్ పిడిమీద చెయ్యి వేశాడు. అక్కడితో తెర నల్లబడి, రెండో సీజన్ త్వరలో అని వచ్చింది.

చిన్న తెర మీద మాటలు గబగబా పడ్డాయి.

"అదేటండీ! ఇంత దూరం వచ్చి తలుపు తీయరా?"

చుక్క ఆగింది. వైదేహి నా వైపు చూసింది. నేను తన వైపు చూశాను. ఇద్దరం ఒకేసారి ఊఁ అన్నాం. చుక్క ఆరిపోయింది. తర్వాత ఏమీ పడలేదు.

కాసేపటికి వైదేహే దివాకర్‌తో అంది. "మార్చకండి. ఆపేయండి. తుడిచేయండి. ఇక మేమిద్దరం ఇంట్లో చూసుకుంటాం."

మూడేళ్ళ పని అని దివాకర్ మెల్లగా అన్నాడు. నాకు తెలుసన్నాను. నువ్వు పారేసినదేమీ లేదురా, ఆ ప్రకటనల్లో జరిగింది నీకు దొరికేది కాదు, నాకే ఇన్నాళ్ళకు తెలిసిందన్నాను. అతను తలవంచుకుని కాగితం తెచ్చాడు. ఈసారి చదివి సంతకం పెట్టాను. రెండుచోట్ల వాక్యం తప్పుగా ఉంటే దిద్దాను. వైదేహి కూడా పక్కన సంతకం పెట్టింది.

మర్నాడు పట్నాయక్ గారు ఫోన్‌లో చాలాసేపు వాపోయారు. శనిగ్రహం మళ్ళీ మొదలా అన్నారు. ఆయన సణుగుడు భరించలేక, నేనే రాస్తానని చెప్పాను. మీకవి నచ్చవు కదా అన్నారు. నచ్చవు కాబట్టే జాగ్రత్తగా చూస్తానన్నాను.

మొదటి వారం రాసి పంపింది ఇది:

"ఈ వారం చూడదగినది ఒకటే. చివరి రేవు మళ్ళీ మొదటి నుంచి వస్తోంది. ఓడలో గాలి లేకపోయినా కర్టెన్లు ఊగుతాయి. చచ్చినవాడు ఒకడు కారణం చెప్పకుండా తిరిగి వస్తాడు. తెలుగు భరించడం కష్టం. చివర తలుపు తీయరు. అయినా చూడండి, ఒంటరిగా మాత్రం చూడకండి. మధ్యలో ప్రకటనలు చాలా ఎక్కువ. వాటిని దాటవేయవద్దు."

పట్నాయక్ గారు ఒక్క అక్షరం మార్చకుండా వేశారు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి, ఆఖరి వాక్యానికి ప్రకటనల విభాగం వాళ్ళు ఎంతో ఆనందించారనీ, వాళ్ళ కోసమే రాశారా అనీ అడిగారు.

అలాగే అనుకోండి అన్నాను.